పియానో ట్రియోను పూర్తిగా వినిపించండి: సంగీత సభల నిర్వాహకులకు బహిరంగ లేఖ

హైదరాబాదులో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలు ఏర్పాటు చేస్తున్న సంస్థల కార్యవర్గ సభ్యులకు నమస్కారాలు.

రాబోయే సీజనుకు కళాకారులను పిలిచి కార్యక్రమాలను ఖరారు చేసే పనిలో మీరు ఉండి ఉంటారు కనుక, ఒక విన్నపాన్ని ఇప్పుడే మీ ముందు ఉంచుతున్నాను. వయొలిన్, చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద, మంద్రస్థాయి వాద్యం), పియానో కలిసిన బృందాన్ని, అంటే పియానో ట్రియోను మీరు ఆహ్వానించినప్పుడు, ఆ ముగ్గురినీ పూర్తి రచనలు వాయించనివ్వండి. ఆ రచనల్లో ఒకటైనా మన కాలపు స్వరకర్తది ఉండనివ్వండి. వాద్యాల అసలు నాదం శ్రోత చెవికి నేరుగా చేరేంత చిన్న హాలులో, మైకులు లేకుండా ఆ కచేరీ జరగనివ్వండి. ఇవి మూడు కోరికలుగా కనిపిస్తున్నా, వీటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: మన ఊరి శ్రోత దేన్ని ఓపికగా వినగలడో మీరు ముందే తీర్మానించి, ఆ మేరకు సంగీతాన్ని కుదించి వడ్డించనక్కరలేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొంతకాలం కిందట నగరంలో జరిగిన ఒక ట్రియో కచేరీకి వెళ్లాను. ఏర్పాటు చేసినవారి పేరు ఇక్కడ అప్రస్తుతం. అచ్చువేసిన కార్యక్రమ పత్రంలో ఒక సమకాలీన రచన పేరు ఉంది. శ్రోతల సౌకర్యాన్ని దృష్టిలో ఉంచుకుని దాన్ని విరమించుకున్నామని వేదిక మీద నుంచి ప్రకటించారు. మిగిలిన కచేరీలో ఒక రచన నుంచి మొదటి భాగం, మరోదాని నుంచి నెమ్మదిగా సాగే భాగం, ఇంకోదాని నుంచి చివరి భాగం మాత్రమే వినిపించారు. వాయించిన ముగ్గురూ సమర్థులు, చప్పట్లు కూడా గట్టిగానే మోగాయి. కానీ ఆ రాత్రి మొదటిసారి ట్రియో విన్నవారు ఇదంతా మూడు అందమైన బాణీల సంగతి అనుకుని ఇంటికి వెళ్లి ఉంటారు. తమకు అందనిది ఏమిటో వారికి తెలిసే అవకాశమే లేకుండా పోయింది.

మన కచేరీల్లో తుక్కడాలకు చోటుంది. చివర్లో ఒక జావళి, ఒక తిల్లానా వస్తే అందరికీ సంతోషమే. అయితే ప్రధాన కీర్తనలో అనుపల్లవి ఒక్కటే పాడి, నెరవును, స్వరకల్పనను, తనియావర్తనాన్ని ఎత్తేసి, అక్కడి నుంచి మరో రాగంలోని చరణం అందుకునే గాయకుణ్ణి మన రసికులు ఊరకే వదలరు. రాగం ఎత్తుకున్న చోటు నుంచి ముక్తాయింపు దాకా ఒక ప్రయాణం ఉందని, దాన్ని మధ్యలో తెంచకూడదని తెలిసిన శ్రోతలు వీరు. అదే శ్రోతల ముందు వియన్నా స్వరకర్త షూబర్ట్ ట్రియోను ముక్కలుగా పెట్టడానికి మనకు మనసు ఎలా ఒప్పుతోందో నాకు అర్థం కాదు.

షూబర్ట్ పేరు వచ్చింది కనుక ఆయన ఇ ఫ్లాట్ మేజర్ ట్రియోతోనే (రచనకు ఆధారమైన స్వరశ్రేణి పేరు అది) చెబుతాను. 1827 నవంబరులో మొదలుపెట్టిన ఆ రచన 1828 మార్చి 26న, బీథోవెన్ తొలి వర్ధంతి రోజున, వియన్నాలో వినిపించింది. షూబర్ట్ జీవితకాలంలో పూర్తిగా ఆయన రచనలతోనే జరిగిన బహిరంగ కచేరీ అదొక్కటే. ఆ ఏడాది నవంబరులోనే ఆయన కన్నుమూశాడు. దాని రెండో భాగంలో పియానో బరువైన నడకలాంటి లయను వేస్తుండగా చెల్లో ఒక విషాదపు బాణీని పాడుతుంది. చాలా చోట్ల ఆ భాగాన్ని ఒక్కటే విడదీసి వాయిస్తారు, ఎందుకంటే అది వినగానే మనసుకు పడుతుంది. కానీ షూబర్ట్ ఆ బాణీని అక్కడితో వదిలిపెట్టలేదు. చివరి భాగంలో, మరో రకం సందడి నడుస్తుండగా, దాన్ని మళ్లీ చెల్లో చేతే పాడిస్తాడు. ముప్పావు గంట దగ్గరగా సాగే ఆ రచనలో ఆ తిరిగి రావడం కోసమే మిగతాదంతా కట్టాడా అనిపించేంత బలం ఆ క్షణానికి ఉంటుంది. రెండో భాగాన్ని మాత్రమే వినిపిస్తే శ్రోతకు ఒక మంచి పాట దొరుకుతుంది, కానీ ఆ క్షణం దొరకదు.

ట్రియో అనే రూపానికే ఒక చరిత్ర ఉంది, అది ముగ్గురి మధ్య హక్కుల చరిత్ర. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ రచనలను వయొలిన్, చెల్లో తోడుగా ఉండే పియానో సొనాటాలుగా, అంటే ప్రధానంగా పియానో కోసం రాసిన రచనలుగా, అమ్మేవారు. ఆనాటి పియానోలకు మంద్రస్థాయి బలహీనంగా ఉండేది, మీటిన స్వరం త్వరగా చచ్చిపోయేది. అందుకే ఆస్ట్రియా స్వరకర్త హేడన్ ట్రియోల్లో చెల్లో చాలావరకు పియానిస్టు ఎడమచేతినే అనుసరిస్తూ ఆ స్వరాలకు ఒళ్లు పోస్తుంది. 1795లో వచ్చిన ఆయన జి మేజర్ ట్రియో, హంగేరీ జిప్సీల ధోరణిలో దూకే చివరి భాగంతో ఇప్పటికీ అందరినీ నవ్విస్తుంది; అందులోనూ చెల్లో పని ఇదే. సరిగ్గా ఆ ఏడాదే వియన్నాలో బీథోవెన్ తన ఆపస్ 1గా, అంటే సంఖ్య వేసిన తొలి ప్రచురణగా, మూడు ట్రియోలు అచ్చువేయించాడు. సింఫనీకి ఉన్నట్టు ఒక్కోదానికి నాలుగు భాగాలు పెట్టాడు, చెల్లోకు తన గొంతు తనకు ఇవ్వడం మొదలుపెట్టాడు. వీటిలో మూడోదైన సి మైనర్ ట్రియోను అచ్చువేయవద్దని హేడన్ సలహా ఇచ్చాడని బీథోవెన్ శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ రాసిపెట్టాడు. శ్రోతలు దాన్ని అంత సులభంగా అందుకోలేరని ఆ పెద్దాయన అనుమానమట. ఈ రోజు ఆ సి మైనర్ ట్రియో ఎక్కడ వాయించినా దాన్ని పాత సంగీతమనే అంటారు. శ్రోతకు ఏది అందదో ముందుగా ఊహించడంలో హేడన్ అంతటివాడే పొరపడితే, కార్యక్రమాలు నిర్ణయించే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

హేడన్ జి మేజర్‌నూ బీథోవెన్ సి మైనర్‌నూ ఒకే సాయంత్రం పక్కపక్కన పెడితే, ఒకే ఏడాది అచ్చయిన రెండు రచనల మధ్య చెల్లో లేచి నిలబడటం శ్రోత తన చెవులతోనే గమనిస్తాడు. ఉపన్యాసం అక్కరలేదు. నేను కోరే కార్యక్రమ నిర్మాణం ఇలాంటిది.

ఇక సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ 1944లో రాసిన రెండో ట్రియో దగ్గరకు వస్తాను. దీన్ని ఆధునికమన్న పేరుతో మన దగ్గర ఇప్పటికీ భయపడుతూనే కార్యక్రమాల్లో చేరుస్తున్నారు, రాసి ఎనభై ఏళ్లు దాటినా. ఆ ఏడాది ఫిబ్రవరిలో షోస్టకోవిచ్ ఆప్తమిత్రుడు, సంగీత విమర్శకుడు ఇవాన్ సొల్లెర్టిన్‌స్కీ చనిపోయాడు. ఆయన స్మృతికి అంకితమైన ఆ రచన చెల్లోతో మొదలవుతుంది. అయితే అది మనం ఎరిగిన చెల్లో గొంతు కాదు. తీగను పూర్తిగా నొక్కకుండా వేలితో తాకి రాబట్టే హార్మోనిక్స్‌తో, ఈల లాంటి పలుచని నాదం తారస్థాయిలో వినిపిస్తుంది. దాని కిందుగా వయొలిన్ వస్తుంది, అన్నిటికన్నా అడుగున పియానో. అంటే మంద్రంలో ఉండవలసినది పైన, పైన ఉండవలసినది కింద. లోకం తలకిందులైందని చెప్పడానికి ఇంతకన్నా సూటి పద్ధతి నేను వినలేదు. మూడో భాగంలో పియానో కొన్ని స్వరాలు ఒకేసారి పలికే ఎనిమిది బరువైన కార్డ్‌లను పదేపదే అదే వరసలో మోగిస్తుంది, వాటి మీద వయొలిన్, చెల్లో ఒకదాని తర్వాత ఒకటి దుఃఖాన్ని చెప్పుకుంటాయి. అక్కడి నుంచి విరామం లేకుండానే యూదుల నృత్యపు ధోరణిలో సాగే చివరి భాగం మొదలవుతుంది. యుద్ధకాలంలో, నాజీల మారణకాండ వార్తలు బయటికి వస్తున్న రోజుల్లో రాసిన నృత్యం అది. ముగింపుకు ముందు మొదటి భాగపు బాణీ తిరిగి వస్తుంది, ఆ తర్వాత మూడో భాగపు కార్డ్‌లు మరొక్కసారి వినిపిస్తాయి. మొదటి భాగం, మూడో భాగం వినని శ్రోతకు ఈ రెండు రాకలూ ఏమీ చెప్పవు. అలాంటి రచనలోంచి చివరి భాగాన్ని హుషారుగా ఉంటుందని విడిగా వాయించమనడం, ఒక శోకగీతాన్ని విందు పాటగా మార్చడమే అవుతుంది. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడుతున్నాను, మాట్లాడాలనే అనుకుంటున్నాను.

మన శ్రోతలకు ఈ సంగీతం కొత్త కనుక సులభమైనవే వినిపించాలన్నది మీరు సాధారణంగా చెప్పే కారణం. దీన్ని నేను తిరగేసి చూడమంటాను. హేడన్ దగ్గర నుంచి వరసగా వింటూ పెరిగిన వియన్నా శ్రోతకు కొత్త రచన తన అలవాటుకు అడ్డు వస్తుంది. మన శ్రోతకు ఆ అలవాటే లేదు కనుక హేడన్ ఎంత కొత్తో ఈనాటి స్వరకర్త కూడా అంతే కొత్త. పైగా కర్ణాటక సంగీతంలో తర్ఫీదైన చెవికి కొన్ని సంగతులు ముందే తెలుసు: ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడి దాని అంచులను తడిమి చూడటం, ఆగని శ్రుతి మీద రాగం నెమ్మదిగా విప్పుకోవడం, స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న సందుల్లో అర్థాన్ని వెతకడం. ఇరవయ్యో శతాబ్దం చివర నుంచి వస్తున్న ఎన్నో చాంబర్ రచనలు, అంటే కొద్దిమంది వాద్యకారుల కోసం రాసినవి, కోరేది ఇలాంటి చెవినే.

వయొలిన్ మనకు పరాయిది కాదు. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సోలో కచేరీకి ఎత్తారు. చెల్లో కథా బీథోవెన్ చేతిలో ఇంచుమించు ఇదే దారిన నడిచిందని తెలిస్తే మన శ్రోతకు ఆయన ట్రియోల మీద ఎంత మమకారం కలుగుతుందో ఊహించండి.

పియానో సంగతి వేరు. దానికి గమకం లేదు, మీట నొక్కిన స్వరాన్ని ఇటూ అటూ కదపలేం. ఇదే లోపాన్ని చూపి ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలపాటు హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి బయట ఉంచింది. ఈ వాదం తెలిసినవారికి ట్రియోలోని అసలు చిక్కు వెంటనే బోధపడుతుంది: కదలని స్వరాల పెట్టె ఒకవైపు, మెట్లు లేని పలక మీద వేలు ఎక్కడ పెడితే అక్కడ పలికే రెండు వాద్యాలు ఇంకోవైపు. ఈ కలయిక తన చెవికి సహించదని రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ 1880లో తన పోషకురాలు నదేజ్దా ఫాన్ మెక్‌కు రాశాడు. మరుసటి ఏడాది పియానిస్టు నికొలాయ్ రూబిన్‌స్టైన్ మరణించాక, ఆయన స్మృతిలో రాయడానికి ఆ కలయికనే ఎంచుకున్నాడు. రోమ్‌లో ఉండగా రాసి 1882 ఆరంభానికి ముగించిన ఆ ఎ మైనర్ ట్రియోలో పియానో భాగం అతి కష్టమైనది. ఈ రోజుకీ ట్రియో వాయించే చెల్లిస్టులు తమ అడుగు తీగ పియానోతో పొసగడానికి, తీగల మధ్య దూరాలను శుద్ధ పంచమం కన్నా వెంట్రుకవాసి తగ్గించి శ్రుతి చేసుకుంటారు. ఇలాంటి సూక్ష్మాన్ని పట్టుకునే చెవులున్న ఊరు మనది. వాటిని తక్కువ అంచనా వేయకండి.

అయితే ఏ కొత్త రచనలు? నాకు ఎంతో ఇష్టమైనవి కొన్ని చెబుతాను. ఫిన్లండ్ స్వరకర్త కైయా సారియాహో 2014లో రాసిన ‘లైట్ అండ్ మ్యాటర్’ ఉంది. న్యూయార్క్‌లో తన కిటికీలోంచి కనిపించే మార్నింగ్‌సైడ్ పార్కులో, చెట్ల ఆకుల మీద, మానుల మీద వెలుగు మారుతూ ఉండటాన్ని చూస్తూ ఆమె దాన్ని రాశారు. అందులో బాణీ కోసం వెతికితే నిరాశ కలుగుతుంది. కమాను ఒత్తిడి మారుతున్నకొద్దీ ఒకే స్వరం గరుకుబారడం, తిరిగి తేటపడటం వినాలి. తంబురాకు చెవి ఒగ్గి కూర్చున్న వారెవరికైనా అది చేతనవుతుంది. బ్రిటన్ స్వరకర్త జూడిత్ వెయిర్ రెండో పియానో ట్రియోలోని మూడు చిన్న భాగాలకు జెన్ బౌద్ధ కథల ఆధారం ఉంది, అది తేలికగా, పొదుపుగా నడిచే రచన. భారతీయ మూలాలున్న అమెరికన్ స్వరకర్త రీనా ఇస్మాయిల్ 2019 నాటి పియానో ట్రియో హిందుస్తానీ రాగాలను పాశ్చాత్య రూపంలోకి తెస్తుంది. దాన్ని మాత్రం మనవాళ్ల రచన కనుక పెట్టామన్నట్టు పెట్టవద్దని నా మనవి, హేడన్‌తో సమానంగా నిలబెట్టి వినిపించండి.

కొత్తది ఒక్కసారి వింటే పట్టుబడదన్న మాట నిజమే. దానికి విరుగుడు మానేయడం కాదు, మరోసారి వాయించడం. 1918లో వియన్నాలో స్వరకర్త షోన్‌బర్గ్ కొత్త సంగీతం కోసం నెలకొల్పిన సంఘంలో సభ్యులు కొత్త రచనలను ఒకటికి రెండుసార్లు వినేలా మళ్లీ మళ్లీ వాయించేవారు, చప్పట్లు, కేకలు రెండూ నిషేధం. మనం చప్పట్లు ఆపనక్కరలేదు. పది పన్నెండు నిమిషాల కొత్త రచనను విరామానికి ముందొకసారి, తర్వాత ఇంకోసారి వాయించమని కళాకారులను అడిగితే ఎక్కువమంది సంతోషంగా ఒప్పుకుంటారు. రెండో సారికి శ్రోత ముఖంలో వచ్చే మార్పును మీరే చూస్తారు.

హాలు గురించి ఎక్కువ చెప్పను. రవీంద్రభారతి లాంటి పెద్ద ఆడిటోరియం నాటకానికి, నృత్యానికి తగినది; అక్కడ ట్రియో పెడితే మైకులు తప్పవు. మైకు పెట్టగానే ముగ్గురి మధ్య ఎవరు ఎంత వినబడాలన్న నిర్ణయం వాద్యకారుల చేతుల్లోంచి మిక్సర్ దగ్గర కూర్చున్న వ్యక్తి చేతుల్లోకి పోతుంది. రెండు వందల ఏళ్లుగా స్వరకర్తలు తలలు బద్దలు కొట్టుకున్న సమస్యకు ఒక మీటతో తీర్పు చెప్పేసినట్టవుతుంది. చాంబర్ సంగీతానికి ప్రపంచమంతా తలచుకునే లండన్ విగ్‌మోర్ హాలులో సీట్లు దాదాపు 550 మాత్రమే. మనకు అందులో సగం చాలు, ఏసీ మోత లేకుండా ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. పియానోను కచేరీ రోజు పొద్దున లోపలికి దొర్లించి అప్పుడే శ్రుతి చేయించడం మానుకోవాలి. వానాకాలపు తేమకు దాని చెక్క ఉబ్బి శ్రుతి పైకి జరుగుతుంది. కనీసం ముందురోజే హాలులో పెట్టి, ఆ గాలికి కుదురుకున్నాక ట్యూనర్‌ను పిలవాలి, కచేరీకి ముందు మరొకసారి సరిచూడాలి. ఈ ఖర్చును పూలదండలు, శాలువాల పద్దులోంచి తీసినా ఎవరూ నొచ్చుకోరు.

డబ్బు సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆర్కెస్ట్రాను రప్పించడం ఏ సంస్థకైనా మోయలేని భారమైతే, ట్రియోకు కావలసింది ముగ్గురు మనుషులు, ఒక మంచి పియానో. తక్కువ వ్యయంతో గొప్ప రచనలను పూర్తిగా వినిపించగల అవకాశం ఈ రూపం ఇస్తోంది. సమకాలీన రచనల స్వరపత్రాలను ప్రచురణకర్తల దగ్గర కొనవలసి ఉంటుంది, ప్రదర్శన హక్కుల రుసుమూ ఉంటుంది. అది స్వరకర్తకు న్యాయంగా చెందవలసిన సొమ్ము. నకలు కాగితాలతో కానివ్వవద్దు.

ఇంత చెప్పాక ఒక సాయంత్రాన్ని నేనే ప్రతిపాదించడం మర్యాద. మొదట హేడన్ జి మేజర్ ట్రియో, అది పావుగంట. వెంటనే సారియాహో ‘లైట్ అండ్ మ్యాటర్’, అది కూడా దాదాపు అంతే. విరామం. తర్వాత సారియాహోనే మరోసారి, చివర షోస్టకోవిచ్ రెండో ట్రియో పూర్తిగా. అంతా కలిపి రెండు గంటలకు మించదు. హేడన్‌లో పియానో నీడన నడిచిన చెల్లో, షోస్టకోవిచ్‌లో ఒంటరిగా కచేరీ ఎత్తుకోవడాన్ని ఒకే కూర్చుబాటులో వినే అవకాశం శ్రోతకు దక్కుతుంది. షోస్టకోవిచ్ తర్వాత మరి ఏదీ వాయించమని కళాకారులను అడగవద్దు.

కార్యక్రమ పత్రాన్ని తెలుగులో కూడా అచ్చువేయండి. భాగాల పేర్లు, రాసిన కాలం, వినవలసిన ఒకటి రెండు సంగతులు, అంతే, ఒక పుట చాలు. ఆ పుటను ప్రతి కచేరీకీ ఉచితంగా రాసిపెట్టడానికి నేను, నాతోపాటు కొందరు సంగీతాభిమానులు సిద్ధంగా ఉన్నాం. నగరంలో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులకు, వారు కర్ణాటక పద్ధతిలో నేర్చుకుంటున్నా సరే, రిహార్సల్‌ను వినడానికి తలుపు తెరిచి ఉంచండి. ముగ్గురు వాద్యకారులు ఒక చోట ఆగి, ఇక్కడ నువ్వు తగ్గాలి, ఇక్కడ నేను తగ్గుతాను అని మాట్లాడుకోవడం ఆ పిల్లలు చూడాలి. మీ తదుపరి సమావేశంలో ఈ లేఖను చర్చకు పెట్టి, రాబోయే సీజనులో ఒక్క కచేరీనైనా ఈ పద్ధతిలో జరుపుతారో లేదో సభ్యులకు, శ్రోతలకు ముందుగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
హైదరాబాదు శ్రోతల్లో ఒకరు